క్వారీ మందు, మట్టి, జన్యువులు: చిత్తూరు, తిరుపతి వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

కుప్పం, శాంతిపురం వైపు గ్రానైట్ క్వారీలు, రోడ్డు పనుల కోసం గుట్ట గుట్టకీ లేచిన కంకర క్రషర్లు, బండ తగిలిన బావుల్లో పెట్టే తూటాలు. పేలుడు మందు మన రెండు జిల్లాల్లో కొత్త సంగతి కాదు. అది మట్టిలో కలిస్తే జన్యువులకు హాని అన్న మాట మాత్రం ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. నెట్‌లో దొరికేదంతా అమెరికా, జర్మనీ సైనిక స్థలాల గురించే. అది చదివి హడలిపోయేవాళ్లు కొందరు, "మిలిటరీ గొడవ, మనకేం" అని తోసేసేవాళ్లు కొందరు. జీవశాస్త్రం పాఠం చెప్పే మనిషిగా నన్ను రైతులు, క్వారీ పనివాళ్లు, పిల్లలు అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

జన్యువులకు హాని అంటే ఏంటి? విషమంటే విషమే కదా?

మామూలు విషం కణాన్ని చంపుతుంది, లేదా దాని పని ఆపేస్తుంది. ఆ ప్రభావం త్వరగానే బయటపడుతుంది: వాంతులు, తలనొప్పి, మొక్క మాడిపోవడం. జన్యువుల మీద పనిచేసే పదార్థం కణాన్ని చంపకపోవచ్చు. డీఎన్‌ఏ పోగును తెంపుతుంది, అందులోని అక్షరాల వరసను తారుమారు చేస్తుంది, క్రోమోజోములను విరుస్తుంది. చాలామటుకు కణం తనను తానే బాగుచేసుకుంటుంది. బాగుచేసుకోలేక, చావనూ చావక, ఆ తప్పుతోనే విభజన చెందుతూ పోతే తిప్పలు మొదలవుతాయి. ఆ తప్పులు పేరుకుని ఎన్నో ఏళ్లకు క్యాన్సర్‌గా మారవచ్చు. రోగం వచ్చేదాకా ఆగి చూసే వ్యవహారం కాదు కాబట్టే బ్యాక్టీరియా మీద, ఉల్లి వేళ్ల మీద, వానపాముల మీద ముందే పరీక్షలు చేస్తారు.

పుట్టబోయే బిడ్డలకు వస్తుందా?

అందరికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టుకుని అడిగేది ఈ ప్రశ్నే, ముఖ్యంగా క్వారీ దగ్గర కాపురాలుండే ఆడవాళ్లు. ఒంట్లో మామూలు కణాల డీఎన్‌ఏ దెబ్బతింటే అది ఆ మనిషితోనే ఆగిపోతుంది, పిల్లలకు పోదు. అండం, వీర్యకణాల్లో మార్పు వస్తేనే తర్వాతి తరానికి చేరుతుంది. టీఎన్‌టీ (సైన్యం వాడే ఒక పేలుడు మందు) లాంటి పదార్థాల మీద ఉన్న రుజువులు ఎక్కువగా బ్యాక్టీరియా, ఎలుకల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. క్వారీ పక్కన ఉన్నంత మాత్రాన బిడ్డ అంగవైకల్యంతో పుడతాడని ఎవరైనా చెబితే నమ్మొద్దు. గర్భిణికి నేరుగా ఆలోచించాల్సింది తాగే నీళ్ల గురించి, పీల్చే దుమ్ము గురించి.

మా ఊరి క్వారీలో వాడే మందులో ఏముంటుంది?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. విదేశీ పరిశోధనల్లో కనిపించే పేర్లు టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్, హెచ్‌ఎంఎక్స్, టెట్రిల్. ఇవి ప్రధానంగా సైనిక మందులు. మన కంకర క్వారీలో పేలే దాంట్లో సింహభాగం అమోనియం నైట్రేట్. దాన్ని డీజిల్ లాంటి నూనెతో కలిపి బొక్కల్లో పోసేది ఒక రకం. ప్లాస్టిక్ గొట్టంలో నింపి వచ్చే స్లర్రీ, ఎమల్షన్ తూటాలు ఇంకో రకం. వీటిని మనవాళ్లు ఇప్పటికీ "జిలెటిన్" అనే అంటారు కానీ, నైట్రోగ్లిజరిన్ కలిసిన పాత జిలెటిన్ తయారీ మన దేశంలో 2004లోనే ఆగిపోయింది. ఆ పాత తూటాలు చేత్తో పట్టుకుంటే తల పగిలిపోయేదని పెద్ద వయసు మేస్త్రీలు చెబుతారు. నిజమే. నైట్రోగ్లిజరిన్ రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది, ఆ తలనొప్పి దానివల్లే.

ఇక మందును రాజేసే భాగం ఉంది. డెటోనేటర్‌లో లెడ్ అజైడ్ (సీసం కలిసిన మందు), పీఈటీఎన్ అనే ఇంకో పేలుడు మందు ఉంటాయి. డెటోనేటింగ్ వైరులో పీఈటీఎన్ ఉంటుంది. పేలుడు ఊపు పెంచడానికి పెద్ద బొక్కల్లో దించే కాస్ట్ బూస్టర్‌లో పీఈటీఎన్‌తో పాటు టీఎన్‌టీ కలుస్తుంది. అంటే మన క్వారీల్లో టీఎన్‌టీ అసలు లేదని కాదు, కానీ అది పక్కవాద్యం. మీ పక్క క్వారీలో బూస్టర్లు వాడుతున్నారో లేదో బ్లాస్టర్‌ను అడగండి. ఆ ఒక్క సమాధానంతో ల్యాబ్‌లో ఏం వెతకాలో సగం తేలిపోతుంది.

గ్రానైట్ దిమ్మెలు తీసే క్వారీల్లో సంగతి వేరు. రాయి పగుళ్లిస్తే దిమ్మె ధర పడిపోతుంది కాబట్టి అక్కడ డైమండ్ వైర్‌తో కోత ఎక్కువ, మందు తక్కువ. మందు బాగా ఖర్చయ్యేది కంకర కోసం గుట్టను పిండిచేసే చోట.

టీఎన్‌టీ నిజంగా జన్యువులను దెబ్బతీస్తుందా?

తీస్తుంది. కాకపోతే ఉన్న రూపంలో కాదు. టీఎన్‌టీ అణువు మీద మూడు నైట్రో గుంపులు ఉంటాయి. బ్యాక్టీరియాలో, మన పేగుల్లో, కాలేయంలో ఉండే నైట్రోరిడక్టేజ్ ఎంజైములు ఆ గుంపులను మెట్టు మెట్టుగా దించుతాయి. ఆ దారిలో మధ్యలో వచ్చే హైడ్రాక్సిలమైన్ రూపం ప్రమాదకరమైనది. అది డీఎన్‌ఏకి, ప్రొటీన్లకు అతుక్కుంటుంది. చివరి మెట్టుకు చేరి అమైన్‌గా మారితే జోరు చాలావరకు తగ్గుతుంది.

దీన్ని పట్టుకున్నది ఏమ్స్ పరీక్ష. అమెరికాలో బ్రూస్ ఏమ్స్ 1970లలో తయారుచేసిన పద్ధతి ఇది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా చేసుకోలేని సాల్మోనెల్లా బ్యాక్టీరియాను, హిస్టిడిన్ దాదాపు లేని ప్లేటు మీద పరీక్షించాల్సిన పదార్థంతో కలిపి పెంచుతారు. మామూలుగా అయితే కొద్ది కాలనీలు తప్ప ఏమీ లేవవు. జన్యువు మారి, హిస్టిడిన్ చేసుకునే శక్తి తిరిగి వచ్చిన బ్యాక్టీరియా మాత్రమే కాలనీ కడుతుంది. రెండు రోజుల తర్వాత చుక్కలు లెక్కపెడతారు. టీఎన్‌టీ కలిపిన ప్లేట్లలో టీఏ98 అనే రకం బ్యాక్టీరియా చుక్కలు బాగా పెరుగుతాయి. నైట్రోరిడక్టేజ్ కొరవడిన రకంతో అదే పరీక్ష చేస్తే ఆ పెరుగుదల బాగా తగ్గిపోతుంది. హాని చేసేది టీఎన్‌టీ కన్నా దాని నుంచి పుట్టే రూపమేనని తేలింది అలాగే.

అయినా బ్యాక్టీరియాలో జరిగింది మనిషిలో అలాగే జరగాలని లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1996లో టీఎన్‌టీని 3వ గుంపులో పెట్టింది. అంటే మనిషికి క్యాన్సర్ తెస్తుందో లేదో చెప్పడానికి ఆధారాలు చాలవని అర్థం, నిర్దోషి అని కాదు. దాని దగ్గరి చుట్టాలైన 2,4-డీఎన్‌టీ, 2,6-డీఎన్‌టీలను మాత్రం 2బీ గుంపులో, అంటే క్యాన్సర్ తేవడానికి అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. టీఎన్‌టీ తయారీలో ఇవి మధ్యలో పుడతాయి, కొన్ని రకాల తుపాకీ మందులోనూ కలుస్తాయి. టీఎన్‌టీ ఉన్న మట్టిలో వీటిని కూడా వెతక్కపోతే ఆ పరీక్ష సగమే చేసినట్టు.

మరి ఆర్‌డీఎక్స్?

ఏమ్స్ పరీక్షలో సాధారణంగా నెగటివ్ వస్తుంది. దాని అసలు గొడవ నరాల మీద: ఎక్కువ మోతాదులో మూర్ఛలు. నీళ్లలో టీఎన్‌టీ కన్నా తక్కువే కరుగుతుంది, కానీ మట్టికి అంటుకోదు. అందుకే ఎక్కువ దూరం పోతుంది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఒక సైనిక శిక్షణ స్థలం కింద భూగర్భజలంలోకి ఇది దిగడంతో 1997లో అక్కడ కాల్పుల శిక్షణను ఆపించారు. అక్కడి పర్యావరణ సంస్థ తాగునీటికి ఇచ్చిన జీవితకాల సలహా పరిమితి టీఎన్‌టీకీ ఆర్‌డీఎక్స్‌కీ ఒకటే, లీటరుకు 2 మైక్రోగ్రాములు. మన క్వారీల్లో ఆర్‌డీఎక్స్ గురించి ఆందోళన పడాల్సిన పని సాధారణంగా లేదు.

పేలిపోయాక ఇంకా మందు ఎక్కడ మిగులుతుంది?

పూర్తిగా పేలితే మిగిలేది అతి స్వల్పం. చిక్కంతా అరకొరగా పేలిన దాంతోనే. బొక్కలో నీరు నిండి అమోనియం నైట్రేట్ కరిగిపోవడం, తూటాల మధ్య రాతిపొడి అడ్డం పడి మంట ముందుకు పోకపోవడం, డెటోనేటర్ ఫెయిలవడం. వీటన్నిటినీ మనవాళ్లు కలిపి "మిస్‌ఫైర్" అంటారు. సైనిక స్థలాల్లోనూ అంతే, సగం పేలిన ఒక్క గుండు వందల మంచి పేలుళ్ల కన్నా ఎక్కువ మందును నేల మీద వదులుతుంది. దీనికి తోడు బస్తాలు విప్పేటప్పుడు ఒలికేది, ఖాళీ సంచులు కడిగిన నీళ్లు, మందు నిలవచేసిన షెడ్డు చుట్టూ నేల. క్వారీ గోడ కన్నా ఆ షెడ్డు ముందున్న పది అడుగుల మట్టి మీదే నాకు అనుమానం ఎక్కువ.

మా బోరు నీళ్లు తాగొచ్చా?

మన వైపు అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. అమోనియం నైట్రేట్ నీళ్లలో బాగా కరుగుతుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచదు. మనది ఎర్రనేల, ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ, కిందంతా పగుళ్ల బండ. వాన పడితే నైట్రేట్ ఆ పగుళ్ల వెంట నేరుగా బోర్లలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేట్‌కు మన దేశ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది దాటిన నీళ్లతో డబ్బా పాలు కలిపి పడితే ఆరు నెలల లోపు పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

జన్యువుల సంగతి ఇక్కడ పక్కదారిలో వస్తుంది. నైట్రేట్ స్వయంగా డీఎన్‌ఏను ఏమీ చేయదు. నోట్లో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. కడుపులోని ఆమ్లంలో అది కొన్ని అమైన్లతో కలిస్తే నైట్రోసో పదార్థాలు పుడతాయి, వాటిలో చాలా రకాలు డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. అలా మారే పరిస్థితుల్లో ఒంట్లోకి వెళ్లే నైట్రేట్, నైట్రైట్‌లను క్యాన్సర్ సంస్థ 2010లో 2ఏ గుంపులో, అంటే క్యాన్సర్ తెచ్చే అవకాశం బలంగా ఉన్నవాటిలో ప్రచురించింది. విటమిన్ సి ఈ మార్పును అడ్డుకుంటుంది.

నీళ్లు మరగబెడితే నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ప్లాంటు నీళ్లలో తగ్గుతుంది. ఇంకో మాట: బోరులో నైట్రేట్ కనిపించగానే క్వారీ మీదికి పోకండి. యూరియా, పేడదిబ్బ, సెప్టిక్ ట్యాంకు కూడా అదే నైట్రేట్‌ను ఇస్తాయి. క్వారీకి ఎగువన ఒక బోరు, దిగువన ఒక బోరు, రెండూ ఒకే రోజు పరీక్ష చేయించి పోలిస్తేనే మాటకు బలం.

శెనక్కాయలు, కూరగాయలు, పాలల్లోకి వస్తుందా?

టీఎన్‌టీని మొక్క వేళ్ల దగ్గరే చాలామటుకు బంధించేస్తుంది, పైకి పెద్దగా ఎక్కనివ్వదు. ఆర్‌డీఎక్స్ ఆకుల దాకా పోతుంది. మన దగ్గర ఎక్కువ ఉండే నైట్రేట్ అయితే మొక్కకు తిండే. క్వారీ కింది కయ్యల్లో పైరు మామూలు కన్నా ముదురు పచ్చగా ఉంటే అందుకు ఇదీ ఒక కారణం కావచ్చు. కాయ మట్టిలోనే ఊరుతుంది కాబట్టి శెనక్కాయను బాగా కడిగి వాడుకుంటే చాలు. పశువుల విషయంలో మాత్రం జాగ్రత్త: నైట్రేట్ ఎక్కువగా పీల్చుకున్న జొన్న చొప్పను ఆవులు మేస్తే ఉన్నపళంగా పడిపోవచ్చు. అమోనియం నైట్రేట్ ఒలికిన చోట ఉప్పనుకుని నాకడమూ ఉంది. ఖాళీ మందు సంచుల్లో దాణా పోయొద్దు. ఇది చాలా ఇళ్లలో జరుగుతోంది.

అడవి పందులకు పెట్టే నాటు బాంబుల సంగతేంటి?

పలమనేరు, కుప్పం అడవి అంచు పల్లెల్లో ఇది పాత జబ్బు. చట్టరీత్యా నేరం, ఏనుగుల నోళ్లు, కుక్కల దవడలు, మనుషుల చేతులు పోతున్నాయి. మట్టి వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో కోణం ఉంది. వీటిలో కొన్నిటి తయారీకి ఆర్సెనిక్ సల్ఫైడ్ వాడతారు. ఆర్సెనిక్ మనిషికి క్యాన్సర్ తెస్తుందని రుజువైన 1వ గుంపు పదార్థం. డీఎన్‌ఏ మరమ్మతును కూడా అది అడ్డుకుంటుంది. టీఎన్‌టీ కాలక్రమంలో విరిగిపోతుంది, ఆర్సెనిక్ మూలకం, ఎక్కడికీ పోదు. ఒకటి రెండు బాంబుల వల్ల పొలం పాడవదు. వాటిని దొంగచాటుగా చుట్టే చోటు మాత్రం ఏళ్ల తరబడి విషమే, ఆ పెరట్లో పిల్లలు ఆడుకుంటుంటే మరీనూ.

మట్టిని పరీక్షకు ఎలా తీయాలి?

చాలా రిపోర్టులు ఇక్కడే చెడిపోతాయి. పేలుడు మందు మట్టిలో సమానంగా కలవదు, గింజలు గింజలుగా పడి ఉంటుంది. ఒక పిడికెడు మట్టిలో ఏమీ ఉండకపోవచ్చు, అడుగు పక్కన తీసిన పిడికెట్లో బోలెడు ఉండొచ్చు. కాబట్టి అనుమానమున్న స్థలాన్ని గడులుగా అనుకుని, కనీసం 30 చోట్ల పైపైన ఒక అంగుళం లోతు మట్టి కొద్దికొద్దిగా తీసి, అంతా ఒకే సంచిలో కలపాలి. నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే టీఎన్‌టీ రూపం మారిపోయి రంగు ఎర్రబారుతుంది, ఓవెన్‌లో పెడితే కొంత ఎగిరిపోతుంది. తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు, మెత్తగా నూరతారు, అసిటోనైట్రైల్ అనే ద్రావణిలో 18 గంటలు చల్లటి అల్ట్రాసోనిక్ తొట్టెలో ఉంచి మందును లాగుతారు, పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో కొలుస్తారు. వ్యవసాయ శాఖ మట్టి పరీక్ష కేంద్రంలో ఇది చేయరు. అక్కడ చూసేది భూసారం. నైట్రేట్ వరకైతే మామూలు నీటి పరీక్షలు చేసే ల్యాబ్ చాలు.

పేలని తూటాలు ఉండొచ్చనిపించే చోట మాత్రం మీరు గుంత తవ్వొద్దు.

రిపోర్టులో మందు తక్కువే ఉంది. మరి జన్యు పరీక్షలో హాని ఎందుకు కనిపించింది?

యంత్రం తనను వెతకమన్న పేర్లనే వెతుకుతుంది. టీఎన్‌టీ విరిగితే వచ్చే రూపాల్లో చాలావరకు, డెటోనేటర్ల సీసం, జనరేటర్ ఆయిల్, డ్రిల్లింగ్ గ్రీజు ఆ జాబితాలో ఉండవు. బతికున్న కణానికి జాబితా అక్కర్లేదు, అన్నీ కలిసి కొట్టిన దెబ్బను చూపిస్తుంది. తిరగబడినదీ జరుగుతుంది: యంత్రం మందు ఎక్కువ ఉందంటుంది, కణాలు బాగానే ఉంటాయి. ఎందుకంటే అది పేడ ఎరువుకో బంకమన్నుకో గట్టిగా అతుక్కుని కణం దాకా రావడం లేదు. రెండు పరీక్షలూ కావాలంటున్నది అందుకే. ఒక్కటే చేయగల డబ్బులుంటే, నన్నడిగితే ముందు జీవ పరీక్షే చేయమంటాను.

కాలేజీ ల్యాబ్‌లో చేయగలిగిన పరీక్ష ఏదైనా ఉందా?

ఉల్లిగడ్డ పరీక్ష. 1938లో లెవాన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త మొదలుపెట్టినది, ఇప్పటికీ చవకైనది. మట్టిని నీళ్లలో కలిపి, తేర్చి వడగట్టాలి. చిన్న ఉల్లిగడ్డల అడుగు మాత్రం తగిలేలా ఆ నీళ్ల మీద కూర్చోబెట్టాలి. వేళ్లు రెండు సెంటీమీటర్లు వచ్చాక కొనలు కోసి, మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లంలో నిలవచేసి, అసిటోకార్మిన్‌తో రంగువేసి, స్లైడు మీద నలిపి మైక్రోస్కోపులో చూడాలి. ఉల్లికి 16 పెద్ద పెద్ద క్రోమోజోములు, వెతుక్కోనక్కర్లేదు. విభజన జరిగేటప్పుడు రెండు కొసల మధ్య వంతెనలా సాగి నిలిచిన క్రోమోజోములు, వెనకబడిపోయిన ముక్కలు, పెద్ద కేంద్రకం పక్కన విడిగా చిన్న కేంద్రకం. ఇవి లెక్కపెట్టాలి.

పిల్లలు మర్చిపోయేది కంట్రోలు, అంటే పోల్చి చూసేందుకు పెట్టే నమూనా. ఊరవతల శుభ్రమైన మట్టితో చేసిన నీళ్లు, మామూలు నీళ్లు, రెండూ పక్కన ఉండాలి. నైట్రేట్ ఉప్పు ఎక్కువైనా వేరు పెరగదు. వేరు కురచగా ఉంది కాబట్టి జన్యు హాని అని రాసేస్తే తప్పు. క్రోమోజోములు చూడకుండా ఆ మాట అనకూడదు. మందు షెడ్డు మట్టితో ఈ పరీక్ష చేసేటప్పుడు చేతులకు గ్లౌజులు తప్పనిసరి, టీఎన్‌టీ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ గుండ్ల ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ల ఒళ్లు పసుపుపచ్చగా మారింది దీనివల్లే.

శ్రీహరికోట రాకెట్ ఇంధనం వల్ల కూడా ఇదే సమస్యా?

ఘన ఇంధనంలో వాడేది అమోనియం పెర్క్లోరేట్. అది థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. జన్యువులను దెబ్బతీసే గుణం దాని ముఖ్య సమస్య కాదు. రెండిటినీ కలిపి మాట్లాడొద్దు.

చెడిపోయిన మట్టిని బాగుచేయొచ్చా?

టీఎన్‌టీ విషయంలో మన రైతుకు తెలిసిన పద్ధతే పనిచేస్తుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని యుమటిల్లా ఆయుధ డిపోలో 1990లలో మందు కలిసిన మట్టిని పేడ, పశుగ్రాసం, బంగాళదుంప వ్యర్థాలతో కలిపి కుప్పలు పోసి, తిరగేస్తూ కంపోస్టు చేశారు. వేడికి, సూక్ష్మజీవులకు టీఎన్‌టీ విరిగి మిగిలిన రూపాలు సేంద్రియ పదార్థంలో బిగుసుకుపోయాయి. ఆర్‌డీఎక్స్‌కు యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు బ్యాక్టీరియా జన్యువులు చేర్చిన స్విచ్‌గ్రాస్ గడ్డితో సైనిక స్థలంలోనే ప్రయోగం చేసి 2021లో ఫలితాలు ప్రచురించారు. మన పొలాలకు ఇప్పట్లో వచ్చేది కాదు.

కంపోస్టు ఆర్సెనిక్‌ను, సీసాన్ని పోగొట్టదు. ముందు ఏముందో తెలుసుకోకుండా పది ట్రాక్టర్ల పేడ తోలడం దండగ.

క్వారీలో పనిచేసేవాళ్లు జన్యు పరీక్ష చేయించుకోవాలా?

వద్దు, డబ్బు దండగ. మీ ఒక్కరి కణాల్లో నాలుగు చిన్న కేంద్రకాలు ఎక్కువ కనిపించినా డాక్టరు చెప్పగలిగేది ఏమీ ఉండదు. ఆ పరీక్షలు గుంపు మొత్తాన్ని పోల్చడానికి. ఏటా ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోండి. రాతి దుమ్ములోని సిలికా 1వ గుంపు క్యాన్సర్ కారకం, ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను నయం చేసే చికిత్స లేదు. మన క్వారీల్లో మనిషిని ముందు తినేది పేలుడు మందు కాదు, దుమ్ము. డ్రిల్లింగ్ దగ్గర నీళ్లు చల్లమని మేనేజరును అడగండి. మందు ముట్టిన చేత్తో బీడీ వెలిగించొద్దు, అన్నం తినొద్దు.

పేలని తూటా కనిపిస్తే? ఎవరికి చెప్పాలి?

ముట్టొద్దు, వైరు లాగొద్దు, ఫొటో కోసం దగ్గరికి పోవద్దు. 112కి ఫోన్ చేయండి. పేలుడు పదార్థాల లైసెన్సులు చూసే కేంద్ర సంస్థ పెసో, ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. నీళ్లు, మట్టి చెడిపోయాయంటే కాలుష్య నియంత్రణ మండలికి, క్వారీ హద్దులు, అనుమతుల గురించైతే గనుల శాఖకు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చేటప్పుడు "మందు వల్ల జబ్బులు వస్తున్నాయి" అని రాస్తే కాగితం కట్టలో పడిపోతుంది. ఎగువ బోరు, దిగువ బోరు నైట్రేట్ రిపోర్టులు రెండూ జతచేయండి, సర్వే నంబరు రాయండి, క్వారీలో వాడే మందు రకాలు, నిలవ రిజిస్టరు వివరాలు ఇప్పించమని అడగండి, రసీదు తీసుకోండి.